బంకు వెనక నుయ్యి: ముందు ట్యాంకు తవ్వాలా, నేలను పరీక్షించాలా?

హైవే ఊరోడు:
శ్రీకాకుళం దాటాక హైవే పక్కనే మా ఊరు. పెట్రోల్ బంకు ప్రహరీ వెనకున్న నుయ్యి నీళ్లకి వేసవి నుంచీ పెట్రోలు వాసన. పొద్దున్నే తోడితే బకెట్లో నీటి మీద రంగులు తేలుతున్నాయి. బంకు వాళ్లు ఒక సీసాలో నీళ్లు పట్టుకెళ్లి టెస్టు చేయించి, "అన్నీ నార్మల్" అని రిపోర్టు చూపించారు. కుర్రాళ్లేమో ట్యాంకు తవ్వి తీసేదాకా బంకు నడవనివ్వం అంటున్నారు. పెద్దలు మాత్రం ముందు బోర్లు వేయించి మట్టి, నీళ్లు పరీక్ష చేయించాలంటున్నారు. కళ్లకి కనిపిస్తున్నదానికి ఇంకా పరీక్షలు దేనికని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

ఆమదాలవలస రైతు:
నేను కుర్రాళ్ల పక్షమే. పరీక్షలంటే ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్లడమే. ఈలోగా వానలొస్తాయి, నూతిలో నీరు పెరిగి వాసన తగ్గుతుంది, "ఇప్పుడు బాగానే ఉందిగా" అంటారు. తవ్వేయండి.

నేలా నీరూ (భూగర్భ జలాల పని చేసేదాన్ని, విజయనగరం):
తమ్ముడూ, ఆ రిపోర్టులో ఏమేం చూశారో ఒకసారి చదివి చెప్పు.

హైవే ఊరోడు:
పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్, బ్యాక్టీరియా. అంతే అక్కా.

నేలా నీరూ:
అనుకున్నదే. అది మామూలు తాగునీటి పరీక్ష. పెట్రోలు కోసం చేసింది కాదు కాబట్టి అందులో పెట్రోలు కనపడదు. చూడాల్సింది పెట్రోలులో ఉండే బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్. వీటికి గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం (కలిసిపోయిన రసాయనాలని విడదీసి చూపేది) ఉన్న ల్యాబ్ కావాలి. సీసా కూడా ముఖ్యమే. ప్లాస్టిక్ బాటిల్లో సగం పట్టి, స్కూటర్ డిక్కీలో ఎండలో తీసుకెళ్తే, ల్యాబ్‌కి చేరేసరికి సరుకంతా ఆవిరైపోతుంది. చిన్న గాజు సీసాని గాలి బుడగ కూడా మిగలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి ఐసులో పెట్టాలి.

బెంజీన్ క్యాన్సర్ కారకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. ముక్కుకి అది తెలిసేది లీటరుకి 10 మిల్లీగ్రాముల దగ్గర, అంటే హద్దుకి వెయ్యి రెట్లు. పెట్రోలులో వేరే వాసనలూ ఉంటాయి కాబట్టి మీకు ముందే తెలిసింది. కానీ వాసన పోయిందని నీళ్లు తాగడం మొదలుపెట్టకండి. రైతుగారు భయపడేది సరిగ్గా అదే, ఆ భయం న్యాయమైనది.

బంకు మేనేజర్:
నేను వేరే జిల్లాలో బంకు చూస్తాను, వాళ్లకీ నాకూ సంబంధం లేదు. రోజూ పొద్దున్న ట్యాంకులో సరుకు ఎత్తు కొలిచే డిప్ రాడ్ వేస్తాం, అడుగున నీళ్లు చేరాయేమో తెలియడానికి దానికి పేస్టు రాసి చూస్తాం, అమ్మకంతో లెక్క సరిచూస్తాం. లీకుంటే లెక్కలో తేలకుండా ఉంటుందా? పైగా హైవే పక్కనంటే లారీ మెకానిక్ షెడ్లుంటాయి. వాళ్లు పారబోసిన డీజిలూ ఇంజన్ ఆయిలూ బంకు ఖాతాలో వేసేస్తే ఎలా?

నేలా నీరూ:
షెడ్ల మాట నిజమే. అందుకే పరీక్ష కావాలంటున్నాను. పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిలు క్రొమటోగ్రఫీ గ్రాఫులో వేరువేరుగా కనిపిస్తాయి. తప్పు లేకపోతే ఆ బంకుని కాపాడేది కూడా అదే.

డిప్ సంగతి మాత్రం లెక్క వేసి చూడండి. 20 వేల లీటర్ల ట్యాంకు, 2 మీటర్ల వ్యాసం, అడ్డంగా పడుకోబెట్టింది అనుకుందాం. సగం నిండినప్పుడు రాడ్ మీద ఒక్క మిల్లీమీటరు అంటే 12, 13 లీటర్లు. పైపు జాయింట్ నుంచి సెకనుకో చుక్క కారితే రోజుకి పోయేది 4 లీటర్లు. ఆవిరిలోనూ వేడికి వచ్చే తేడాలోనూ అది కలిసిపోతుంది. ఏ రోజు రాడ్ మీదా కనపడదు, కానీ ఏడాదికి దాదాపు 1,500 లీటర్లు అవుతుంది. పెట్రోలులో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చని మన ప్రమాణం. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలు దాదాపు 9 లక్షల లీటర్ల నీటిని హద్దు దాకా తీసుకుపోగలదు.

నెలల తరబడి రికార్డు వరసగా చూస్తే తేడా ఎప్పుడూ తరుగు వైపే పోతోందా లేదా తెలుస్తుంది. దాంతోపాటు ట్యాంకుకీ పైపులకీ విడివిడిగా లీక్ టెస్టు చేయించాలి.

ఆమదాలవలస రైతు:
అమ్మా, ఇదంతా విన్నాక తవ్వాలనే నాకింకా గట్టిగా అనిపిస్తోంది.

నేలా నీరూ:
ఆ ట్యాంకు వాడకం ఇవాళే ఆపాలి, ఉన్న సరుకు తోడేయాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ మట్టిలోకి దిగిపోయింది ట్యాంకుతో పాటు బయటికి రాదండి. నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భజలం మీద తెట్టులా పరుచుకుంటుంది. వేసవిలో నీరు కిందికి పోతే తనూ దిగి మట్టికి పట్టుకుంటుంది, వానలకి మళ్లీ పైకొస్తుంది. అలా నీరు దిగి ఎక్కే మేరంతా మట్టికి పెట్రోలు అంటుకుంటుంది. ఎటు వెళ్లిందో తెలియకుండా జేసీబీ పెడితే గొయ్యి మిగులుతుంది, పక్క వీధి నుయ్యి ఎప్పుడు పాడవుతుందో మాత్రం తెలియదు. చెన్నై తండయార్‌పేటలో 2013లో భూగర్భ పైపు లీకై ఇళ్ల బోర్లలోకి ఆయిల్ వచ్చింది. లీకు ఆగినంత మాత్రాన అక్కడ నేల బాగుపడలేదు.

ఇంకోటి. ఖాళీ చేసిన ట్యాంకుని వానాకాలం దాకా అలాగే వదిలేయొద్దు. అక్టోబరు తుపాన్లకి మన తీరంలో నీరు బాగా పైకొస్తుంది, ఖాళీ ట్యాంకు తేలి పైపులు విరిగిపోతాయి. తీయాల్సి వస్తే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతితో, ఆవిర్లు పూర్తిగా పోగొట్టాకే తీయాలి. కుర్రాళ్లు పలుగులు పట్టుకుని దిగే పని కాదు.

రాజాం టీచరమ్మ:
మోటారు పెట్టి నుయ్యి మొత్తం తోడేస్తే కొత్త నీరు ఊరుతుంది కదా? లేదా కాచి తాగితే?

నేలా నీరూ:
రెండూ వద్దు టీచర్‌గారూ. తోడిన కొద్దీ బంకు వైపు నుంచి పెట్రోలు నూతిలోకే లాక్కొస్తుంది. ఆ నీరు పొలంలోకి వదిలితే ఇంకో చోట నేల పాడు. కాస్తే ఆ ఆవిరి వంటింట్లోనే పీలుస్తారు. నూతిలోకి ఎవరూ దిగకూడదు, దగ్గర బీడీ వెలిగించకూడదు, మోటారు స్విచ్ వేయకూడదు. పిల్లలు అటు పోకుండా ఎవరైనా కాపలా ఉంటే నయం. పంచాయతీని అడిగి ట్యాంకర్ నీళ్లు తెప్పించుకోండి. ఇది మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకూడదు.

బంకు మేనేజర్:
లీక్ టెస్టు, రికార్డులు ఇవ్వడం న్యాయమే. కానీ బోర్లు బంకు కాంపౌండ్ లోపల వరకే అడగండి. బయట ఊరి స్థలంలో ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఆమదాలవలస రైతు:
కాలుష్యం గోడ దూకి వచ్చినప్పుడు ఖర్చు గోడ దగ్గర ఆగిపోతుందా బాబూ? పాడుచేసినవాడే బాగు చేయించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. హరిత ట్రిబ్యునల్ చట్టంలో కూడా ఉంది.

నేలా నీరూ:
బయట వేయకపోతే అసలు పనే అవదు. నీరు ఎటు పోతోందో తెలియాలంటే ఒకే వరసలో కాకుండా కనీసం మూడు బోర్లుండాలి, మూడింటిలో మట్టం కొలవాలి. ఊరి చివర నేల ఇసకైతే దారి కాస్త ఊహించొచ్చు. మన కొండల్లో ఉండే ఖోండలైటు రాయి తగిలితే పగుళ్ల వెంట ఎటైనా పోతుంది, అప్పుడు మూడూ చాలవు. బోరులో దించే జల్లెడ పైపు (నీరు లోపలికి రావడానికి చీలికలున్నది) నీటి మట్టానికి పైకీ కిందికీ ఉండేలా దించాలి. మొత్తం నీటిలో మునిగిపోతే పైన తేలేది దొరకదు. ఇప్పుడోసారి, వానలయ్యాక ఇంకోసారి నమూనాలు తీయాలి. ఖర్చు మొదట బంకూ, దానికి సరుకిచ్చే కంపెనీయే పెట్టుకోవాలి. షెడ్లదని తేలితే వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు. నమూనా తీసేటప్పుడు ఊరివాళ్లు పక్కనుండాలి, సీసాల మీద వాళ్ల సంతకాలుండాలి.

బంకు మేనేజర్:
సంతకాల మాటకి ఒప్పుకుంటాను. ఖర్చు మొత్తం ముందే బంకు మీద వేయడానికి ఒప్పుకోను.

హైవే ఊరోడు:
కుర్రాళ్లతో మాట్లాడాను. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం, కాపీ కాలుష్య నియంత్రణ మండలికి. అడిగేవి: ట్యాంకు వాడకం వెంటనే ఆపడం, ట్యాంకర్ నీళ్లు, డిప్ రికార్డు, లీక్ టెస్టు, కాంపౌండ్ బయట కూడా బోర్లు. తవ్వకం సంగతి రెండో విడత నమూనాల తర్వాత. అక్కా, ఒక బోరు రామమందిరం వైపు వేయమని అడగమంటారా? అటు ఇంకో రెండు నూతులున్నాయి.

నేలా నీరూ:
తప్పకుండా అడుగు. ఆ రెండు నూతుల్లో నీటి మట్టం ఇవాళే తాడు వేసి కొలిచి రాసుకో. మోటారు వేయకముందు, పొద్దున్నే.