మూడో తరగతిలో ఆపేస్తేనే పిల్లలకి చదవడం వస్తుందా?

నోవై నాన్న

మా వాడు రెండో తరగతి, మిషిగన్‌లో పబ్లిక్ స్కూల్. పోయిన వారం వాడి చేత ఒక చిన్న పుస్తకం చదివిస్తుంటే, ‘రాబిట్’ అని ఉన్నచోట ‘బన్నీ’ అన్నాడు. బొమ్మకి చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ చదవమన్నాను. మొదటి అక్షరం చూసి ‘రన్నింగ్’ అన్నాడు. తర్వాత నా మొహం చూశాడు, ఒప్పో తప్పో అక్కడ కనిపిస్తుందేమోనని. రెండేళ్లుగా వీడు చదవడం లేదు, ఊహిస్తున్నాడు. బడిలో అడిగితే, “తెలియని మాట వస్తే బొమ్మ చూడమని, వాక్యంలో ఏది నప్పుతుందో ఆలోచించమని చెప్తాం. కంగారు పడకండి, అదే వచ్చేస్తుంది” అన్నారు.

అప్పట్నుంచి రాత్రుళ్లు కూర్చుని చదువుతున్నాను. దేశమంతా జరిగే నేప్ పరీక్షలో నాలుగో తరగతి రీడింగ్‌లో 2013లో మిసిసిపీది 49వ స్థానం. ఆ ఏడాదే వాళ్లు ఒక చట్టం చేశారు: మూడో తరగతి చివర చదవడం రాకపోతే నాలుగులోకి పంపరు. 2024లో ఆ స్టేట్ 9వ స్థానంలో ఉంది. అంత పేద స్టేట్, దీనిమీద ఏడాదికి పెట్టింది దాదాపు కోటిన్నర డాలర్లే. మా మిషిగన్ కూడా 2016లో అలాంటి చట్టమే చేసి, 2023లో ఆపేసే నిబంధన ఎత్తేసింది. 2024లో మేం 44వ స్థానం.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. ఆ నిబంధన ఎత్తేయడం తప్పు. బడికి భయం ఉంటేనే పని జరుగుతుంది. మీరేమంటారు?

ఒహాయో ఫస్ట్ గ్రేడ్ టీచర్

నోవై నాన్న గారూ, మీ అబ్బాయికి నేర్పినట్టే నేనూ తొమ్మిదేళ్లు నేర్పాను. నాకు కాలేజీలో నేర్పింది అదే. బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఏది నప్పుతుందో చూడు. దీన్ని త్రీ క్యూయింగ్ అంటారు. చదవడమంటే తెలివిగా ఊహించడమేనని 1967లో కెన్ గుడ్‌మన్ అనే ప్రొఫెసర్ రాసిన దగ్గర్నుంచి ఇది క్లాసుల్లో వేళ్లూనుకుంది. బాగా చదివేవాళ్లు ప్రతి అక్షరాన్నీ చూస్తారనీ, ఊహ మీద ఆధారపడేది చదవడం రానివాళ్లేననీ తర్వాత పరిశోధనలు తేల్చాయి. 2000లో ప్రభుత్వం వేసిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక ఫోనిక్స్‌ని, అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పే పద్ధతిని, ఒక వరసలో, ఏదీ వదలకుండా నేర్పాలని స్పష్టంగా చెప్పింది. అది నా క్లాసు దాకా రావడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. ఆ మధ్యలో నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకే చట్టం అక్కర్లేదని నేను అనలేను. 2023లో ఒహాయో ఆ ఊహించే పద్ధతిని చట్టంతో నిషేధించి, టీచర్లందరికీ శిక్షణ పెట్టకపోతే మా బడిలో ఆ పాత పుస్తకాలు ఇంకా అల్మారాల్లో ఉండేవి.

కానీ పిల్లల్ని ఆపడం దగ్గర మీతో కలవలేను. తప్పు నేర్పింది పెద్దవాళ్లం. శిక్ష పడేది ఎనిమిదేళ్ల పిల్లకి. ఒహాయోలో కూడా అదే 2023లో, టీచర్తోనూ ప్రిన్సిపాల్తోనూ మాట్లాడాక తల్లిదండ్రులు కోరుకుంటే పై తరగతికి పంపేలా మార్చారు. నా దృష్టిలో అది సరైన మార్పు.

అంకెలు చూసేవాడు

ఆ 49 నుంచి 9 అన్న మాట అందరూ చెప్తారు, దాన్ని కొంచెం విప్పి చూడాలి. నేప్ పెట్టేది నాలుగో తరగతికి. బాగా వెనకబడ్డ పిల్లల్ని మూడులో ఇంకో ఏడాది ఉంచితే, వాళ్లు ఆ ఏడాది పరీక్షకి రారు. వచ్చేటప్పటికి ఒక ఏడు పెద్దవాళ్లై, ఒక ఏడు ఎక్కువ చదువుకుని వస్తారు. స్కోరు పెరగదా మరి?

ఇంకోటి: ఎనిమిదో తరగతి స్కోర్లు చూడండి. మిసిసిపీ అక్కడ నాలుగో తరగతిలో ఎక్కినట్టు ఎక్కలేదు, దేశ సగటు కంటే కిందే ఉంది. నిజంగా చదవడం వచ్చి ఉంటే ఆ లాభం ఎక్కడికి పోయింది? మిషిగన్‌లో ఆపిన కొద్దిమందిలో కూడా నల్లజాతి పిల్లలు, పేద పిల్లలే ఎక్కువని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనాల్లో తేలింది. ఒకే స్కోరు వచ్చినా, మినహాయింపు ఎలా అడగాలో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు దాటిపోతారు. మనలాంటి వాళ్లం ఎలాగో అడిగి తెచ్చుకుంటాం. అడగలేనివాళ్ల సంగతేంటి?

జాక్సన్ అమ్మ

నేను మిసిసిపీలోనే ఉంటాను. ఇక్కడ ఆ చట్టం ఒక ఇంట్లో ఎలా ఉంటుందో చెప్తాను.

మా వాడు థర్డ్ గ్రేడ్ పరీక్ష మొదటిసారి తప్పాడు. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజు నేను అన్నం తినలేదు. అయితే ఆ కాగితం హఠాత్తుగా ఊడిపడింది కాదు. ఫస్ట్ గ్రేడ్ నుంచే ఏడాదికి మూడుసార్లు స్క్రీనింగ్ పరీక్షలు పెట్టి, వెనకబడ్డాడని మాకు రాసి పంపుతూనే ఉన్నారు. వాడికంటూ విడిగా ఒక ప్లాన్ రాశారు, ఏ శబ్దాలు రావడం లేదో అందులో ఉంది. పరీక్ష తప్పాక మళ్ళీ రాయడానికి రెండు అవకాశాలున్నాయి. బడి వాళ్లు రోజూ ఒక టీచర్ని వాడి పక్కన కూర్చోబెట్టారు. చివరి అవకాశంలో గట్టెక్కాడు. పాసైతేనే పై తరగతి అనే ఆ గేటు లేకపోతే వాడికోసం రోజూ ఒక మనిషిని పెట్టేవారా? పెట్టేవారు కాదని నా నమ్మకం.

బయటివాళ్లకి కనిపించేది గేటొక్కటే. చట్టంలో ఎక్కువ భాగం దానికి ముందు జరిగే పనే. స్టేట్ తనే కోచ్‌లని నియమించి బాగా వెనకబడిన బడులకి పంపింది. కోచ్ పిల్లలకి పాఠం చెప్పదు. టీచర్ పాఠం చెప్తుంటే వెనక కూర్చుని చూస్తుంది, తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. చట్టం మీద సంతకం పెట్టిన అప్పటి గవర్నర్ ఫిల్ బ్రయంట్‌కి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది. చిన్నప్పుడు ఆయనా మూడో తరగతి రెండోసారి చదివాడు.

అంకెల గారికి ఒక మాట. ఇక్కడ చట్టానికి ముందు కూడా పిల్లల్ని ఆపేవాళ్లు, కొత్తగా మొదలైంది కాదు. 2013లో 209 ఉన్న స్కోరు 2019కి 219 అయింది. ఆపినందువల్లే అంత రావడం కష్టం. అలా ఆగిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, కొద్దిలో గట్టెక్కినవాళ్ల కంటే ఇంగ్లిష్‌లో మెరుగ్గా ఉన్నారని ఒక అధ్యయనం కూడా ఉంది. ఎనిమిదో తరగతి విషయంలో మాత్రం మీరన్నది నిజమే, నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి కూడా చెప్పకుండా ఉండలేను. మా పక్కింటి అబ్బాయిని ఆపారు. ఇప్పుడు బాగానే చదువుతాడు. కానీ ఆ ఏడాది ఊసెత్తితే ఇప్పటికీ గదిలోంచి లేచి వెళ్లిపోతాడు.

ఒహాయో ఫస్ట్ గ్రేడ్ టీచర్

జాక్సన్ అమ్మ గారూ, ఆ చివరి రెండు మాటలు రాసినందుకు మీకు నమస్కారం.

ఎనిమిదో తరగతి గురించి నాకు తోచింది చెప్తాను. చదివింది అర్థమవ్వాలంటే రెండు కావాలని 1986లోనే గాఫ్, టన్మర్ అన్న ఇద్దరు రాశారు. ఒకటి, అక్షరాలని మాటగా పలకగలగడం. రెండోది, ఆ మాట చెవిన పడితే అర్థం కావడం. వాళ్లు ఈ రెండింటినీ కూడలేదు, గుణించారు. అంటే ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మూడో తరగతి పుస్తకాల్లో మాటలన్నీ పిల్లలకి తెలిసినవే కాబట్టి మొదటిది చాలు. ఎనిమిదిలో వచ్చేది చరిత్ర, సైన్సు, ఎన్నడూ వినని మాటలు. ఈ చట్టాలు చాలావరకు మూడో తరగతి దగ్గర ఆగిపోతాయి. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎవరు పట్టించుకుంటున్నారు? ఆ లాభం ఎక్కడికి పోయిందంటే, నాకు కనిపించేది ఈ ఖాళీయే.

ఇంకో సంగతి. మిసిసిపీలో అంతా 2013లోనే మొదలైందనుకోవద్దు. జిమ్ బార్క్స్‌డేల్ అనే వ్యాపారవేత్త 2000లోనే పది కోట్ల డాలర్లిచ్చి అక్కడ ఒక రీడింగ్ సంస్థ పెట్టించారు. చట్టం వచ్చేసరికి నేల దున్ని ఉంది. వేరే స్టేట్‌లు ఆ చట్టంలోంచి గేటొక్కటే కాపీ కొట్టి తెచ్చుకుంటే ఏమొస్తుంది?

పలకా బలపం

నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఇక్కడ మనవల దగ్గర ఉంటున్నాను. మీ చర్చంతా చదివాను. నాకు తట్టిన ఒక్క విషయం చెప్తాను, తప్పైతే దిద్దండి.

మన తెలుగు రాతలో పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం. గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డ పిల్లవాడు అర్థం తెలియని పద్యాన్ని కూడా తడుముకోకుండా చదివేస్తాడు. ఇంగ్లిష్ అలా కాదు. ‘రీడ్’ అని ఈరోజు చదివే మాటనే, నిన్నటి సంగతైతే అవే నాలుగు అక్షరాలతో ‘రెడ్’ అని చదవాలి. యూరప్ భాషల్లో పిల్లలు చదవడం ఎంతకాలంలో నేర్చుకుంటారో పోల్చి చూసి 2003లో ఒక అధ్యయనం వచ్చింది. ఇంగ్లిష్ పిల్లలే అందరికంటే వెనక ఉన్నారని అందులో తేలింది. ఇంత గజిబిజి రాతని ఒక వరస లేకుండా, ఊహించుకోమని వదిలేస్తే పసివాడు ఏం చేస్తాడమ్మా? గుణింతం చెప్పకుండా పెద్దబాలశిక్ష చేతికిచ్చినట్టే కదా. ఎవరిని ఆపాలి, ఎవరిని పంపాలి అన్నది మీరు తేల్చుకోండి. వరస తప్పకుండా నేర్పడం మాత్రం చట్టంలో ఉండాల్సిందే.

బే ఏరియా ఈఎల్ టీచర్

మాస్టారూ, మీరన్న గుణింతాల మాట బాగుంది. అయితే ఒక అడుగు ముందుకెళ్లాలి. గుణింతాలు నేర్చుకునే తెలుగు పిల్లకి ఆ మాటలు అప్పటికే చెవిన పడి ఉంటాయి. నా క్లాసులో ఇంగ్లిష్ కొత్తగా వింటున్న పిల్లలు, మాటని తప్పులేకుండా పలుకుతారు, అదేంటో తెలియదు. ఇందాక టీచర్ గారు చెప్పిన రెండో భాగం వాళ్లకి సున్నా దగ్గర ఉంటుంది. అందుకే కాలిఫోర్నియాలో 2024లో ఫోనిక్స్ పద్ధతిని తప్పనిసరి చేద్దామన్న ఏబీ 2222 బిల్లుని టీచర్ల సంఘమూ, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల తరఫున పనిచేసేవాళ్లూ కలిసి వ్యతిరేకించారు. అది కమిటీలోనే ఆగిపోయింది. 2025లో ఏబీ 1454 వచ్చింది. అందులో శిక్షణ, పుస్తకాల జాబితా, డబ్బు ఉన్నాయి, నిర్బంధం లేదు. నేను మొదటిదాన్ని వ్యతిరేకించాను, రెండోదాన్ని సమర్థించాను.

గేటు లేకుండా ఫలితం రాదనేవాళ్లు మా స్టేట్‌లోనే జరిగిన ఇంకో సంగతి చూడాలి. చదవడం నేర్పలేదని పిల్లల తరఫున వేసిన ఎల్లా టి. కేసు 2020లో రాజీ అయి, రీడింగ్‌లో అట్టడుగున ఉన్న 75 బడులకి 5 కోట్ల డాలర్ల గ్రాంట్లు వచ్చాయి. ఎవర్నీ ఆపలేదు. ఆ బడుల్లో మూడో తరగతి స్కోర్లు పెరిగాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు.

తెలుగు తల్లిదండ్రులకి ఇంకో మాట. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లని ఇంగ్లిష్ పరీక్షకి పిలుస్తారని చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. కొందరైతే ఇంట్లో తెలుగే మానేస్తారు. మానొద్దు. తెలుగులో కథ విని, అందులో ఎవరు ఎందుకు ఏం చేశారో చెప్పగలిగే పిల్లకి ఆ తెలివి ఇంగ్లిష్ చదివేటప్పుడూ పనికొస్తుంది.

అంకెలు చూసేవాడు

ఎల్లా టి. ఫలితాలు ఒప్పుకుంటాను. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి, నా వాదనకి అది అనుకూలం కాకపోయినా. అన్ని స్టేట్‌ల చట్టాలనీ కలిపి చూసిన ఒక అధ్యయనంలో, స్కోర్లు పెరిగింది ముఖ్యంగా ఆపే నిబంధన ఉన్న స్టేట్‌లలోనే. ఆపడం వల్ల పిల్లలకి మేలు జరిగిందా, లేక ఆపాల్సి వస్తుందని బడులు ముందే మేలుకున్నాయా అన్నది వేరే ప్రశ్న.

జాక్సన్ అమ్మ

మా ఇంట్లో జరిగింది రెండోది. అందుకే ఆ గేటు తీసేయమని నేను అనలేకపోతున్నాను.

నోవై నాన్న

అందరివీ రెండుసార్లు చదివాను. నేను మొదట రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిషిగన్ చట్టంలో తప్పు, గేటు ఎత్తేయడం ఒక్కటే కాదు. గేటుకి ముందు జరగాల్సిన పని మా బడిదాకా రాలేదు. 2024 అక్టోబర్‌లో ఇక్కడ కొత్త చట్టం వచ్చింది, చిన్న తరగతుల్లో అందరికీ డిస్లెక్సియా స్క్రీనింగ్ చేయాలని. అమలు 2027–28 నుంచి. అప్పటికి మా వాడు నాలుగో తరగతిలో ఉంటాడు. మా ప్రతినిధికి ఉత్తరం రాస్తున్నాను, గేటు గురించి కాదు, కోచ్‌ల గురించీ ఆ తేదీ గురించీ.

టీచర్ గారూ, వాడికోసం ఈ రాత్రి నేనేం చేయగలనో చెప్పండి.

ఒహాయో ఫస్ట్ గ్రేడ్ టీచర్

అర్థం లేని మాటలు ఒక పది రాయండి. మిప్, ఫెప్, లెగ్గు బదులు నెగ్, అలాంటివి. బొమ్మ లేదు, అర్థం లేదు కాబట్టి ఊహించడానికి ఏమీ ఉండదు. ఆట అని చెప్పండి, పరీక్ష అనొద్దు. వాడు ఏం పలికాడో అలాగే రాసుకోండి, దిద్దొద్దు.

నోవై నాన్న

చేశాను. పదిలో నాలుగు చెప్పాడు. మిప్‌ని ‘మెప్’ అన్నాడు. నెగ్‌ని ‘నిగ్’ అన్నాడు. ఫెప్‌ని ‘ఫిప్’ అన్నాడు. మొదటి అక్షరం, చివరి అక్షరం ఎక్కడా తప్పలేదు.

ఒహాయో ఫస్ట్ గ్రేడ్ టీచర్

అయితే వాడికి హల్లులు వచ్చు. మధ్యలో అచ్చు దగ్గర, ముఖ్యంగా ఇ, ఎ శబ్దాల తేడా దగ్గర జారిపోతున్నాడు. ఇది రెండేళ్ల కిందటే ఎవరైనా చూసి ఉండాల్సింది, అయినా ఆలస్యం కాలేదు. రేపు ఆ రెండు శబ్దాలతోనే మొదలుపెట్టండి, రోజుకి పది నిమిషాలు, ముందు చెవితో, తర్వాత అక్షరంతో. ఈ కాగితం మీద తేదీ వేసి బడికి తీసుకెళ్లండి.

నోవై నాన్న

తేదీ వేశాను. సోమవారం ప్రిన్సిపాల్‌ని కలుస్తున్నాను.