రౌటర్ వైఫై ఆపేయాలా, ఉంచుకోవాలా?

మెట్లకింద_రౌటర్:
మాది రెండంతస్తుల ఇల్లు. రౌటర్ కింద హాల్లో, ఫైబర్ లోపలికొచ్చిన మూలనే ఉంది. కింద వెనక గదిలో ఒకటి, పైన మెట్ల దగ్గర ఒకటి, సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్లు (కేబుల్‌తో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టెలు) బిగించాను. రెండూ ఒకే కంపెనీవి, రౌటర్ మాత్రం వేరే కంపెనీది. అన్నీ కేబుల్‌తోనే కలిపాను, మూడింటికీ పేరు, పాస్‌వర్డ్ ఒకటే. ఇబ్బంది ఏంటంటే హాల్లో వీడియో కాల్ మొదలుపెట్టి మెట్లెక్కితే సరిగ్గా పై మెట్టు దగ్గర గొంతు తెగిపోతుంది. పాయింట్ నెత్తి మీదే ఉన్నా ఫోన్ మాత్రం రెండు గీతలతో కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. ఫోన్లో వైఫై ఒకసారి ఆపి ఆన్ చేస్తే వెంటనే ఫుల్ గీతలు. రౌటర్ వైఫై ఆపేయమని ఒకరు, ఉన్నదాన్ని ఎందుకు ఆపడం అని ఇంకొకరు. మీరైతే ఏం చేస్తారు?

కేబులే_దిక్కు:
ఆపేయండి, ఇందులో ఆలోచించడానికేం లేదు. ఆ రెండు పాయింట్లకీ కలిపి నడిపించే ఒక కంట్రోలర్ ఉంటుంది, ఛానెల్ (సిగ్నల్ వెళ్లే దారి) ఎవరిది ఏది, పవర్ ఎంత, పక్కన ఇంకెవరున్నారు అన్నీ దానికి తెలుసు, ఫోన్‌కి కూడా చెప్పగలదు. మీ రౌటర్‌కి ఆ పాయింట్లు ఉన్నట్టే తెలీదు. దాని దృష్టిలో అవి పక్కింటివాళ్ల వైఫై లాంటివే. మూడు ఎద్దుల బండికి ఒక ఎద్దు మాట వినకపోతే ఎలా ఉంటుందో మీ పై మెట్టు దగ్గర అలా ఉంది.

గోడచాటు_సిగ్నల్:
మూడు ఎద్దుల బండి ఎక్కడ చూశారు గురూ. సరే, అసలు విషయం. ఎప్పుడు మారాలో తేల్చేది రౌటరూ కాదు కంట్రోలరూ కాదు, ఫోనే. కంట్రోలర్ సలహా ఇస్తుంది, వినాలా వద్దా అన్నది ఫోన్ ఇష్టం. రౌటర్ వైఫై ఆపేస్తే ఇదే గొడవ రేపు రెండు పాయింట్ల మధ్య మొదలవుతుంది. హాల్లో ఆ రౌటర్ ఒక్కటే కదా వెలుగిస్తోంది? దాన్ని కూడా మూడో యాక్సెస్ పాయింట్ అనుకుని సరిగ్గా సెట్ చేసుకుంటే చాలు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11, మీ దగ్గర రేడియోలు, అంటే వైఫై పంపేవి, మూడు. లెక్క సరిపోయింది.

కేబులే_దిక్కు:
మీ లెక్క సరిపోయింది, పక్కిళ్ల వాళ్లు కూడా ఆ మూడింటిలోనే ఉంటారు కదా. ఒకే ఛానెల్లో ఉన్నవన్నీ వంతులేసుకుని మాట్లాడాల్సిందే. ఇంకో రేడియో పెట్టామంటే వంతు కోసం ఆగేవాళ్లు ఇంకొకరు పెరిగినట్టు.

సన్నగా_వినిపిస్తోంది:
ఇద్దరూ పవర్ సంగతి వదిలేశారు. చాలా రౌటర్లు పెట్టెలోంచి తీసినప్పుడే ఫుల్ పవర్‌లో ఉంటాయి. రౌటర్ అరుపు ఫోన్‌కి పైదాకా వినిపిస్తుంది, ఫోన్ రేడియో చిన్నది కాబట్టి దాని జవాబు కిందికి సరిగ్గా చేరదు. గీతలు కనబడుతూనే మాట తెగడానికి ఒక కారణం అదే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) కంటే పడిపోతే గానీ వేరేదాని కోసం వెతకనే వెతకదని ఆపిల్ తన సపోర్ట్ పేజీల్లోనే రాసింది. పై మెట్టు దగ్గర నిలబడి ఎంత చూపిస్తోందో చూసి చెప్పండి.

మెట్లకింద_రౌటర్:
ఐఫోనే. ల్యాప్‌టాప్ పట్టుకుని పై మెట్టు మీద కూర్చుని స్కాన్ చేశాను, ఇంట్లోవాళ్లు వింతగా చూశారు. రౌటర్ మైనస్ 67, పై పాయింట్ మైనస్ 48! అంటే ఫోన్ అసలు వెతకడమే లేదన్నమాట. ఇంకో రెండు బయటపడ్డాయి. రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ ఆటోలో ఉండటంతో రౌటరూ పై పాయింటూ రెండూ 36వ ఛానెల్లోనే కూర్చున్నాయి. పైగా వైఫై సెక్యూరిటీ రకం రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 ఉంటే పాయింట్లలో దాని కొత్త రకం డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టాను.

గోడచాటు_సిగ్నల్:
సెక్యూరిటీ రకం వేరైతే పేరు ఒకటైనా సాఫీగా మారడం కష్టం, ముందు దాన్ని ఒకటి చేయండి. రౌటర్‌ని 149కి మార్చండి, ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టినా 36తో తగలదు. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి, చాలా దేశాల్లో అక్కడ మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు చెవి పెట్టి వినాలి, రాడార్ వినబడితే ఖాళీ చేసి పోవాలి. కాల్స్ ముఖ్యమైతే అటు వెళ్లకండి.

సన్నగా_వినిపిస్తోంది:
పవర్ సగానికి తగ్గిస్తే సరిపోదు, సగం అంటే తగ్గేది 3 డెసిబెల్సే, సరిగ్గా ఆ మైనస్ 70 హద్దు మీదే నిలబడతారు. పావుకి దించండి, 6 తగ్గుతుంది, పై మెట్టు దగ్గర మైనస్ 73 అవుతుంది, అప్పుడు ఫోన్ దానంతటదే చుట్టూ చూస్తుంది.

కేబులే_దిక్కు:
తగ్గించి తగ్గించి చివరికి ఆఫ్ దగ్గరికే వస్తారు చూడండి. నా మాట విని ఒక్కరోజు ఆపి చూడొచ్చు కదా, పోయేదేముంది?

మెట్లకింద_రౌటర్:
రెండూ చేశాను. ముందు ఆపి చూశాను. మెట్ల దగ్గర కాల్ అద్భుతం, ఒక్కసారి కూడా తెగలేదు. కానీ హాల్లో టీవీకి వెనక గది పాయింట్ రెండు గోడలు దాటి రావాలి, మైనస్ 76 చూపిస్తోంది, సాయంత్రం అందరూ కూర్చున్నాక బొమ్మ తిరుగుతూనే ఉంది, నాకు తిట్లు. మర్నాడు ఆన్ చేసి అన్నీ డబ్ల్యూపీఏ2కి మార్చి, రౌటర్ 149లో పావు పవర్‌తో పెట్టాను. టీవీ బాగుంది. కాల్‌లో ఇప్పుడు సగం మెట్లెక్కాక అర సెకను తడబడుతుంది, అంతే, తర్వాత శుభ్రంగా పైదానికి వెళ్లిపోతోంది. పది సార్లు ఎక్కి దిగాను, తొమ్మిదిసార్లు మారింది. మోకాళ్లు నొప్పి.

కేబులే_దిక్కు:
ఆ అర సెకను కూడా నేను ఒప్పుకోను. హాల్ సీలింగ్‌కి కేబుల్ లాగి మూడో పాయింట్ పెట్టండి.

మెట్లకింద_రౌటర్:
లాగుతాను సార్, సీలింగ్ పని ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. అప్పటిదాకా ఇదే.

కేబులే_దిక్కు:
లాగిన రోజు ఇక్కడే చెప్పండి, ఆ రోజు ఆపేద్దాం.