‘వాత్సల్యత’లో ఆ ‘త’ తప్పేనా?

పోయిన వారం ఈ గ్రూపులో ‘ప్రాముఖ్యత’, ‘ప్రాధాన్యత’ల మీద పెద్ద లొల్లే అయింది. ‘ప్రాముఖ్యం’ అన్నాక మళ్లీ ‘త’ తగిలించడం టోపీ మీద రుమాలు చుట్టినట్టని పెద్దలు తేల్చారు. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ లెక్కన మా ఇంట్లో రోజూ చదివే వాక్యం ఒకటి బోనులో నిలబడుతుంది. బైబిల్లో విలాపవాక్యములు 3:22, 23:

“యెహోవా కృపగలవాడు, ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది గనుక మనము నిర్మూలము కాకున్నవారము. అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది. నీవు ఎంతైన నమ్మదగినవాడవు.”

మాది మర్రిగూడ దిక్కు. మా నాయనమ్మకు చదువు రాదు గానీ ఈ రెండు వచనాలు కంఠతా వచ్చు. ఆమె నోట్లో అది ‘వాచ్చల్లెత’. చిన్నప్పుడు నేను నవ్వి సరిచేసేవాణ్ణి. డిగ్రీలో చేరాక తెలిసింది, సంస్కృత ‘వత్స’ ప్రాకృతంలో ‘వచ్ఛ’ అయిందని, హిందీ ‘బఛ్‌డా’ అక్కడి నుంచే వచ్చిందని. బఛ్‌డా అంటే దూడ. వత్స అన్నా దూడే. ఆవుకు దూడ మీద ఉండేది వాత్సల్యం. ప్రాకృతం నడిచిన బాటనే నాయనమ్మ నాలుక కూడా పట్టుకుంటే, నేనేమో దిద్దబోయాను!

సరే, అసలు ప్రశ్న. ‘త’ తీసేద్దామా, ఉంచుదామా?

నాగర్‌కర్నూల్ నుంచి ఒక తెలుగు సార్: వ్యాకరణం ప్రకారం అది అదనమే బాబూ. అయితే నన్ను ఆపింది ‘త’ కాదు, ‘ఆయనకు పుట్టుచున్నది’ అన్న మాట. ఆకలి, భయం, జాలి... ఇవి మనం చేసేవి కావు, మనకు పుట్టేవి. అందుకే తెలుగు వీటికి ‘కు’ పెడుతుంది. దేవుడికి కూడా అదే ‘కు’ పెట్టారు చూడండి. ‘ఆయన వాత్సల్యం చూపుతున్నాడు’ అని రాసి ఉంటే అది ఆయన తీసుకున్న నిర్ణయంలా ఉండేది. ‘ఆయనకు పుట్టుచున్నది’ అంటే ఆపుకోలేనిది. మూలంలో ఏముందో తెలిసినవారు చెప్పాలి.

నేను: సార్, హీబ్రూలో అక్కడ ‘పుట్టు’ అనే క్రియే లేదు. ‘ఉదయాలలో కొత్తవి’ అని రెండే మాటలు: హదాషీమ్ లబ్బెకారీమ్. మన అనువాదకులు ‘ఉదయం’ బదులు ‘అనుదినము’ అన్నారు. అది నష్టమే, నాకు కొంచెం కోపం కూడా. కానీ ‘పుట్టు’ తెచ్చి చాలావరకు బాకీ తీర్చారు. ఎందుకంటే 22వ వచనంలో వాత్సల్యతకు మూలంలో ఉన్న మాట ‘రహమీమ్’. గర్భాన్ని చెప్పే ‘రెహెమ్’కు చుట్టం. తెలుగులో దూడ, హీబ్రూలో గర్భం, రెండిటి నడుమ ‘పుట్టు’.

నల్లగొండ నుంచి, ఉర్దూ మీడియంలో చదివిన ఒక అన్న: మా ‘రహమ్’ కూడా అదే కదా తమ్మీ! ‘అల్లా రహమ్ కరే’ అంటాం. అరబ్బీలో ‘రహిమ్’ అంటే గర్భమే.

నేను: అవునన్నా, ఒకే వేరు.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క: ఇంత ముచ్చటగా మాట్లాడుతున్నారు గానీ, ఆ అధ్యాయం మొదటి నుంచి చదివారా? 22కు ముందు ఇరవై వచనాలు దేవుడే నన్ను కొట్టాడని ఏడుపు. మాచిపత్రి తాగించాడంటాడు. (మనం వినాయకుడి పత్రిలో పెట్టే ఆకు పేరే.) అట్లా కొట్టినవాడికి పొద్దున్నే వాత్సల్యం పుట్టిందంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. మా ఆయన పోయినప్పుడు ‘అంతా మన మంచికే’ అన్నవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను: అక్కా, ‘అంతా మన మంచికే’ అన్న మాట ఈ అధ్యాయంలో నాకు ఎక్కడా కనబడదు. యెరూషలేము కాలిపోయింది క్రీ.పూ. 586లో. ఇది ఆ బూడిద పక్కన కూర్చొని పాడినట్టుండే పాట. పైగా అక్షరమాల కట్టుబాటు: హీబ్రూ అక్షరాలు 22, అక్షరానికి మూడు చొప్పున 66 వచనాలు. ‘హేత్’ అక్షరం వంతు వచ్చేసరికి హసదే, హదాషీమ్, హెల్కీ అని మూడు వచనాలు అందుకున్నాడు. ఆ తర్వాత ఏడుపు మానేశాడా? లేదు, మళ్లీ మొదలుపెట్టాడు. నాకు నచ్చేది అదే.

మా ఊరి నీళ్లలో ఫ్లోరైడు. అరవై దాటేసరికి నాయనమ్మ మోకాళ్లు ముడుచుకుపోయి మళ్లీ చాపరాలేదు. నాలుగో వచనంలో ‘నా యెముకలను విరుగగొట్టుచున్నాడు’ అని నేను చదివితే, ‘ఇది నా ముచ్చటనే రాసిండు’ అనేది. దాటేసి ముందుకు పోతే ఊరుకునేది కాదు. ముందు అది చదవాలి, తర్వాతే ‘వాచ్చల్లెత’.

ఇంకొకటి. మా రెండో బోరు ఫెయిలైన ఏడే మా బర్రె ఈనిన పదో రోజున దుడ్డె చచ్చిపోయింది. పొదుగు రాయిలా ఉంది, చుక్క దిగదు. నాయన దుడ్డె తోలులో వరిగడ్డి కూరి కుట్టించి తెచ్చి ముందర నిలబెట్టాడు. కాళ్లు కట్టెలు, కండ్ల చోట బొక్కలు. బర్రె దాన్ని వాసన చూసింది, చాలాసేపు నాకింది, చేపింది. చెంబులో ధార పడుతున్న చప్పుడు వింటూ నేను ‘పాపం, మోసపోయింది’ అన్నాను. అరుగు మీది నుంచి నాయనమ్మ కసిరింది: “గొడ్డుకు తెల్వదా రా? గడ్డి వాసన దానికి తెల్వదా? తెలిసే చేపుతది.”

నిజంగా తెలుస్తుందో లేదో పశువుల డాక్టరు చెప్పాలి. ‘యెడతెగక’ అన్న మాట కనబడితే మాత్రం నాకు ఆ ధార చప్పుడే వినిపిస్తుంది.

మిర్యాలగూడ అక్క: తమ్ముడూ, నా కోపం పోలేదు. కానీ నాలుగో వచనం నుంచి చదవమన్నావు కదా, అట్లా చదువుతా ఈ రాత్రి.

నాగర్‌కర్నూల్ సార్: నా ఓటు ‘త’ ఉంచడానికే. పరీక్ష పేపర్లో రాస్తే మాత్రం అర మార్కు కోస్తా.

నేను: కోయండి సార్. పోతే, పాలమూరు దిక్కు కూడా బర్రె ‘చేపింది’ అనే అంటారా, వేరే మాట ఉందా?