కాటన్‌దొర సన్నాలు 40 బస్తాలంటే ప్రోగ్రాం 0 కిలోలు అంటోంది, ఎందుకు?

పాలకొల్లు నుంచి:
అన్నలకు నమస్కారం. మా నాన్నగారి ధాన్యం షాపు కోసం సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. కమాండ్ లైన్‌లో వరి రకం పేరు, బస్తాల సంఖ్య ఇస్తే, బస్తాకి 75 కిలోల చొప్పున మొత్తం బరువు చెప్పాలి. స్వర్ణ 40 అంటే 3000 అని సరిగ్గానే చెబుతోంది. కాటన్‌దొర సన్నాలు 40 అంటే మాత్రం 0. ఎర్రర్ కూడా రావట్లేదు. ఉబుంటు లినక్స్, జీసీసీ కంపైలర్. కంపైలర్‌లో ఏమైనా తేడానా?

అమలాపురం నుంచి:
కంపైలర్‌ది ఏం తప్పు లేదు తమ్ముడూ. నువ్వు టైప్ చేసిన లైను మెయిన్‌కి, అంటే నీ కోడ్ మొదలయ్యే ఫంక్షన్‌కి, అలాగే చేరదు. ముందు షెల్ (నీ కమాండ్ చదివే ప్రోగ్రాం) దాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) అప్పగిస్తే, కెర్నల్ వాటిని కొత్త ప్రాసెస్ మెమరీలోని స్టాక్‌లో పెడుతుంది. మెయిన్ కంటే ముందు నడిచే స్టార్టప్ కోడ్ అక్కడి నుంచి తీసుకుని ఆర్గ్‌సీ (ముక్కల సంఖ్య), ఆర్గ్‌వీ (ముక్కల జాబితా) అనే పేర్లతో మెయిన్‌కి ఇస్తుంది.

నీ విషయంలో 0వది ప్రోగ్రాం పేరు, 1 కాటన్‌దొర, 2 సన్నాలు, 3వది 40. ఆర్గ్‌సీ 4, చివరన జాబితా ముగిసిందని చెప్పే ఒక నల్ పాయింటర్. నువ్వేమో 2వ దాన్ని బస్తాలనుకుని, స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చే ఏటూఐ ఫంక్షన్‌కి ఇస్తున్నావు. అందులో అంకెలే లేవు కాబట్టి అది 0 ఇచ్చేసి ఊరుకుంది. పేరుకి అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టు. ఎంటీయూ-1010 అని రాసినా ఆ రకమే, ఖాళీ గొడవ ఉండదు.

పాలకొల్లు నుంచి:
కోట్స్ పెడితే వచ్చిందన్నా! మరి పేరులోంచి కోట్స్ నేను తీసెయ్యాలా? షాపులో ఉన్నది విండోస్, అక్కడా ఇంతేనా?

కాకినాడ నుంచి:
తీయక్కర్లేదండి, షెల్లే తీసేస్తుంది. విండోస్‌లో మాత్రం లైనంతా ఒకే స్ట్రింగ్‌గా ప్రోగ్రాంకి చేరుతుంది. ముక్కలు చేసేది మీ ప్రోగ్రాంతో పాటే నడిచే సీ రన్‌టైమ్ అనే సహాయక కోడ్. కమాండ్ ప్రాంప్ట్‌లో సింగిల్ కోట్స్ పనిచేయవు, డబుల్ కోట్సే వాడండి.

ఇంకొకటి, ఇది తప్పకుండా చేయండి. ఆర్గ్‌సీ 3 కాకపోతే వాడే పద్ధతి ప్రింట్ చేసి అక్కడితో ఆపేయండి. ఏటూఐ బదులు స్ట్ర్‌టోల్ ఫంక్షన్ వాడితే అంకెలు ఎక్కడ ఆగాయో ఎండ్ పాయింటర్‌లో తెలుస్తుంది. అది స్ట్రింగ్ మొదట్లోనే ఆగినా, చివరిదాకా వెళ్లకపోయినా బరువు లెక్క కట్టొద్దు. రైతుకి డబ్బు కట్టే చోట తప్పు లెక్క బయటికి రాకూడదు కదండీ.