ఆన్‌లైన్ ఆటలో పైన వేసిన ఏఓఈ (ఒక చోట చుట్టూ ఉన్నవాళ్లందరికీ తగిలే) స్పెల్ కింది అంతస్తు మాబ్స్‌కి (ఆట నడిపే శత్రువులకి) ఎలా తగులుతోంది?

మంచురేఖ:
నిన్న రాత్రి ఐదుగురం డంజన్‌కి వెళ్లాం. నేను మేజ్, అంటే మంత్రాలు వేసే పాత్ర. చెక్క వంతెన మీద ముగ్గురు విలుకాళ్లు ఉంటే వాళ్ల కాళ్ల దగ్గర మంచు తుఫాను వేశాను. అది వేసిన చోటు నుంచి చుట్టూ 10 మీటర్లు తగులుతుంది. విలుకాళ్లు పడిపోయారు, కానీ వంతెన కింద హాల్లో ఉన్న గుంపంతా మెట్లెక్కి మా మీదికి వచ్చేసింది. ముందు హీలర్ పోయింది, తర్వాత అందరం పోయాం. మధ్యలో అంత మందం పలకలున్నాయి, కిందివాళ్లు నాకు కనబడనే లేదు!

ఇంకా అర్థం కానిది ఏంటంటే, పోయిన వారం ఇదే స్పెల్ గుట్ట కింద వేశాను. గట్టు మీద ఒక విలుకాడు. స్పెల్ ఎంత మేర పడుతుందో చూపే నీలం వలయం వాడి కాళ్ల కిందిదాకా పాకింది, అయినా ఒక్క దెబ్బ తగల్లేదు. ఒకచోట నేలను దాటి తగులుతుంది, ఇంకోచోట గట్టెక్కదు. శనివారం మళ్లీ అదే టీమ్‌తో వెళ్తున్నాం. వాళ్లని ఇంకోసారి చంపించలేను.

పాతపాచికలు:
స్పెల్ ఆకారం స్తంభం, అంటే సిలిండర్, లెక్క అయ్యుండొచ్చు. పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ 20 అడుగుల వ్యాసార్థం ఉన్న గోళం. ఐస్ స్టార్మ్ మాత్రం అదే వ్యాసార్థంతో 40 అడుగుల ఎత్తున్న సిలిండర్. పైనుంచి కురిసే స్పెల్స్‌కి చాలామంది డిజైనర్లు సిలిండరే వాడతారు.

సర్వర్‌వైపు:
సిలిండర్ అయితే గట్టు మీద వాడికీ తగలాలి కదండీ. నేను గేమ్ సర్వర్ కోడ్ రాస్తాను, నాకు ఇది గోళంలాగే కనిపిస్తోంది. మంచురేఖ గారూ, వంతెన ఎత్తెంత? గట్టు ఎత్తెంత? విలుకాడు వలయం మధ్య నుంచి ఎంత దూరంలో ఉన్నాడు?

మంచురేఖ:
రెండూ దాదాపు 6 మీటర్లే. వాడు వలయం అంచుకి దగ్గర, అడ్డంగా 9 మీటర్లు ఉంటాడు.

సర్వర్‌వైపు:
అయితే లెక్క కుదిరింది. గోళంలో ఎత్తు కూడా దూరంలోకే వస్తుంది. 10 వర్గంలోంచి 6 వర్గం తీసేస్తే 64, దాని వర్గమూలం 8. అంటే 6 మీటర్లు పైకైనా కిందికైనా మీ స్పెల్ అడ్డంగా 8 మీటర్లే అందుతుంది. గట్టు మీద వాడు 9 దగ్గరున్నాడు, తప్పించుకున్నాడు. హాల్లో గుంపు సరిగ్గా వంతెన కిందే ఉంది, దొరికిపోయింది.

మిమ్మల్ని మోసం చేసింది ఆ నీలం వలయం. అది పైనుంచి నేల మీదికి వేసిన బొమ్మ మాత్రమే. వాలున్నా గట్టున్నా ఎత్తు పట్టించుకోకుండా 10 మీటర్లూ గీసేస్తుంది. దెబ్బ లెక్క సర్వర్‌ది.

పలకల సంగతికొస్తే, మధ్యలో అడ్డముందా అని చూడాలంటే ప్రతి మాబ్‌కీ ఒక గీత గీసి అది గోడకో నేలకో తగులుతుందేమో చూడాలి. తుఫాను ప్రతి టిక్‌కీ (దెబ్బ పడే ప్రతిసారీ), గుంపులో ప్రతి ఒక్కరికీ అదే పని. దూరం లెక్కతో పోలిస్తే ఇది చాలా బరువు. అందుకే కొన్ని ఆటలు స్పెల్ వేసే చోటు మేజ్‌కి కనబడుతోందా అని ఒక్కసారి చూసి వదిలేస్తాయి. నా వరకు అది తప్పే. కనబడని శత్రువుకి అగ్రో రావడం, అంటే వాడు రెచ్చిపోయి మీదికి రావడం, ఆటగాడికి అన్యాయం.

మంచురేఖ:
ఇప్పుడే గుట్ట దగ్గర ఒక్కదాన్నే టెస్ట్ చేసి వచ్చాను. 9 మీటర్ల దగ్గర ఐదుసార్లు వేస్తే ఒక్కసారీ తగల్లేదు. 7కి జరిగి వేస్తే ఐదుసార్లూ తగిలింది! శనివారం వలయాన్ని వంతెన అవతలి కొసకి జరుపుతాను. విలుకాళ్లు అంచులో ఉంటారు, కింది గుంపు 8 మీటర్లు దాటిపోతుంది. ఒక్క అనుమానం, ఎగిరే గబ్బిలాలకి దూరం ఎక్కణ్ణుంచి కొలుస్తారు?

సర్వర్‌వైపు:
అది ఆటను బట్టి మారుతుంది. కొన్నిట్లో బొమ్మ ఎంత పైన ఎగిరినా సర్వర్‌లో దాని స్థానం నేల మీదే ఉంటుంది, అప్పుడు మామూలుగానే తగులుతుంది. గోడలు లేని చోట 10 మీటర్లకంటే పైన ఎగిరే ఒక గబ్బిలానికి సరిగ్గా కింద నిలబడి వేసి చూడండి, తెలిసిపోతుంది.