హౌస్ సంగీతం చేసేవారికి డీజేయింగ్ తెలిసి ఉండాలా?

ప్రశ్న (తంత్రీనాదం):
నేను చిన్నప్పటి నుంచి కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. కొంతకాలంగా ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో హౌస్ (క్లబ్బుల్లో నృత్యానికి వేసే ఎలక్ట్రానిక్ సంగీతం) ట్రాక్‌లు చేస్తున్నాను. నా ట్రాక్ ఒకటి విన్న ఒక డీజే, స్వరకల్పన బాగుంది గానీ దీన్ని సెట్‌లో వేయడం కష్టమన్నారు. బేస్‌లైను (అడుగున నడిచే మంద్రస్వరాల వరుస), పల్లవి రెండూ మొదటి సెకను నుంచే వచ్చేయడం వల్ల, అప్పటికే నడుస్తున్న ట్రాక్‌తో దాన్ని కలపడానికి చోటు లేదని వివరించారు. ఇతరులు చేసిన రికార్డులను వరుసగా వినిపించే పనిని సంగీతవిద్య అనవచ్చా? ఎలక్ట్రానిక్ సంగీతం చేయాలంటే అది తప్పనిసరా, లేక వాద్యం తెలిసినవారికి అది లేకపోయినా గడుస్తుందా? మన దగ్గర డీజే అనగానే ఊరేగింపులూ తీన్‌మార్ రీమిక్సులే గుర్తుకొస్తాయి కాబట్టి, ఈ సంగీతం పుట్టిన చోట ఈ రెండు పనులకూ సంబంధం ఎలా ఉండేదో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (అర్ధరాత్రి దరువు):
హౌస్ సంగీతంలో డీజే ముందు, స్వరకర్త తరువాత. షికాగోలో 1977లో మొదలైన వేర్‌హౌస్ క్లబ్బులో డీజే ఫ్రాంకీ నకల్స్ డిస్కో రికార్డులు వేస్తూ, జనం ఏ భాగానికి ఎక్కువగా ఊగుతున్నారో గమనించి, ఆ భాగాన్ని టేపు మీద కత్తిరించి అతికించి పొడిగించేవారు. తరువాతి కాలంలో రోలండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్‌ను తెచ్చుకుని, రికార్డుల కింద దాని దరువునూ నడిపారు. ఆ మెషీన్‌ను ఆయనకు అమ్మినది డెట్రాయిట్ నగరంలో పుట్టిన టెక్నో అనే ఎలక్ట్రానిక్ సంగీతానికి ఆద్యుల్లో ఒకరైన డెరిక్ మే. రికార్డులు వేయడం ఎక్కడ ఆగి, సంగీతం చేయడం ఎక్కడ మొదలైందో గీత గీయడం అక్కడ సాధ్యం కాదు.

మీ ట్రాక్‌లో లోపించిన ఆ చోటును వదిలే పద్ధతి, రికార్డులను ఒకదానితో ఒకటి కలిపే డీజేల అలవాటు నుంచే వచ్చింది. హౌస్ ట్రాక్‌ల మొదట్లో తరచుగా 16 లేదా 32 బార్ల (ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు) పాటు దరువు ఒక్కటే ఉంటుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో 32 బార్లంటే 64 సెకన్లు. డీజే కొత్త ట్రాక్‌ను ముందుగా హెడ్‌ఫోన్‌లో ఒక చెవితోనూ, హాల్లో మోగుతున్నదాన్ని మరో చెవితోనూ వింటూ, రెండింటి కిక్ డ్రమ్ములూ (దరువులోని బరువైన దెబ్బలు) ఒకే చోట పడేవరకు వేగాన్ని సవరిస్తారు. అవి వెంట్రుకవాసి తప్పినా గుర్రం దౌడు తీస్తున్నట్లు జంట చప్పుడు వినిపిస్తుంది. ఆ తరువాత దొరికే నిమిషంలో కొత్త దరువును మెల్లగా పైకి తెచ్చి, పాతదానిలో బేస్ తగ్గించిన క్షణంలోనే కొత్తదానిలో పెంచుతారు, ఎందుకంటే రెండు బేస్‌లైన్లు కలిసి మోగితే ఏదీ స్పష్టంగా వినబడదు.

సమాధానం (కీబోర్డు కళాకారుడు):
పై వివరణను గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. రికార్డుల ఎంపికలో అభిరుచి ఉంటుంది, కలపడంలో నేర్పు ఉంటుంది, కానీ స్వరాన్ని కొత్తగా పుట్టించడం వేరే పని. ఇప్పుడైతే సింక్ మీట నొక్కగానే రెండు ట్రాక్‌ల వేగాన్ని యంత్రమే సరిచేస్తుంది. ముంబయి సినీ ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్, 1982లోనే రోలండ్ వారి టీబీ-303 (బేస్ సింథసైజర్), టీఆర్-808 (డ్రమ్ మెషీన్) యంత్రాల సాయంతో పది రాగాలను డిస్కో దరువుకు కట్టి రికార్డు చేశారు. షికాగో నుంచి యాసిడ్ హౌస్ అనే హౌస్ శాఖగా ఆ 303 ధ్వని రికార్డుకెక్కినది 1987లో. ఆయన క్లబ్బు డీజే కాదు. రాగజ్ఞానం, కొత్త యంత్రాన్ని ఓపికగా అర్థం చేసుకునే గుణం ఆయనకు సరిపోయాయి.

సమాధానం (అర్ధరాత్రి దరువు):
చరణ్‌జీత్ సింగ్ గారి ప్రతిభపై నాకూ అపారమైన గౌరవం ఉంది, అయితే ఆ రికార్డు కథను చివరిదాకా చూడాలి. హెచ్‌ఎంవీ విడుదల చేసిన ఆ ఎల్పీ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలైన తరువాతే ప్రపంచం దాన్ని విన్నది. షికాగోలో ఫ్యూచర్ బృందం 303 మీటలు తిప్పుతూ పట్టుకున్న ధ్వనిని టేపు చేసి, మ్యూజిక్ బాక్స్ క్లబ్బు డీజే రాన్ హార్డీ చేతిలో పెట్టింది. ఆ బృంద సభ్యుడు డీజే పియర్ చెప్పినదాని ప్రకారం, మొదటిసారి వేసినప్పుడు జనం ఆడడం మానేసి పక్కకు తప్పుకున్నారు. హార్డీ అదే రాత్రి మళ్లీ మళ్లీ వేయగా, నాలుగోసారికి హాలంతా ఊగిపోయింది. 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’గా వచ్చినది అదే.

ఒక వింత ధ్వనిని ఏ గంటలో, ఏ ట్రాక్ తరువాత వేస్తే చెవికెక్కుతుందో, జనం మొహం చాటేసినా ఎప్పుడు తిరిగి ప్రయత్నించాలో తెలియడం సంగీతజ్ఞానంలో భాగమేనని నా గట్టి నమ్మకం. కచేరీలో ఏ రాగం తరువాత ఏ రాగం ఎత్తుకోవాలో, ప్రధాన కృతిని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే విద్వాంసుల విచక్షణకు ఇది చుట్టమే.

సింక్ మీట విషయానికొస్తే, వేగం కలిసినంత మాత్రాన శ్రుతి కలవదు. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్‌పై వేగాన్ని 8 శాతం వరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు. దాదాపు 6 శాతం పెంచితే పాట మొత్తం ఒక అర్ధస్వరం పైకి పోతుంది. ఇప్పటి యంత్రాలు శ్రుతిని కదలకుండా నిలపగలవు గానీ, రెండు ట్రాక్‌లు పొసగుతాయో లేదో తేల్చవలసింది చెవే.

ప్రశ్నించినవారు (తంత్రీనాదం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఇప్పుడు నా ట్రాక్‌ను మొదటి నుంచి తిరగరాయాలా?

సమాధానం (కీబోర్డు కళాకారుడు):
అక్కరలేదు. పల్లవిని ముట్టుకోకండి. దాని ముందు 32 బార్ల దరువు, చివర కూడా అంతే దరువు చేర్చి, మీకు ఇష్టమైన రెండు హౌస్ ట్రాక్‌ల మధ్య దాన్ని మీరే కలిపి చూడండి. రెండు డెక్‌లున్న (రెండు ట్రాక్‌లను ఒకేసారి నడిపే) సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్ ఉంటే చాలు. వేగం కలిసినా శ్రుతి కొట్టుకుంటున్నచోటు వయొలిన్‌కు అలవాటుపడిన మీ చెవికి వెంటనే తెలుస్తుంది. ఆ విషయంలో మీరు చాలామంది డీజేల కంటే ముందున్నారు.