థర్మల్ ప్లాంటు పక్క ఊరి బడికి సీఎస్‌ఆర్ సాయం: ఎలా అడగాలి, వచ్చాక ఎలా నిలబెట్టుకోవాలి?

బడిగంట:
థర్మల్ ప్లాంటుకు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. 210 మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు 112. టాయిలెట్లు, మంచినీళ్ల ప్లాంటు, మేడ మీద సోలార్ కావాలి. దరఖాస్తు ఎలా రాయాలి? ఇప్పటికే ఇలాంటి పనులు చేయించినవారు వివరంగా చెప్పండి.

బొగ్గుబాట:
ముందు ఏ పద్దులోంచి అడుగుతున్నారో తేల్చుకోండి మాస్టారూ. చాలా దరఖాస్తులు ఇక్కడే దారి తప్పుతాయి.

సీఎస్‌ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు పెట్టాల్సిన ఖర్చు. గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. లాభం లేకపోతే ఆ బాధ్యతా లేదు, అందుకే నష్టాల్లో ఉన్న డిస్కంలను (కరెంటు పంపిణీ కంపెనీలను) అడిగి లాభం ఉండదు. ఉద్యోగుల పిల్లలకు మాత్రమే ఉపయోగపడే పని సీఎస్‌ఆర్‌లో లెక్కకు రాదు. కాబట్టి ఊరి పిల్లలు ఎంతమందో సంఖ్యతో సహా రాయండి.

మీది బొగ్గు గనుల ప్రాంతం కూడా అయితే జిల్లా ఖనిజ నిధి వేరే ఉంది. అది కంపెనీ చేతిలో ఉండదు, కలెక్టర్ దగ్గర ఉంటుంది. 2015కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీ మీద అదనంగా 30 శాతం అందులో జమవుతుంది. విద్య అందులో అధిక ప్రాధాన్య రంగం. గని ప్రభావిత గ్రామాల జాబితాలో మీ ఊరు ఉందో లేదో కలెక్టరేట్‌లో చూసుకోండి.

మూడోది ఎవరికీ గుర్తుండదు. ప్లాంటు విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగేటప్పుడు బడి అవసరాలు లిఖితంగా ఇచ్చి, మినిట్స్‌లో ఎక్కించాలి. పర్యావరణ అనుమతిలో షరతుగా వస్తే కంపెనీ ఆరు నెలలకోసారి అమలు నివేదిక ఇచ్చి తీరాలి. సీఎస్‌ఆర్ దయతలచి ఇచ్చినట్టు ఉంటుంది, ఇది అలా కాదు.

గోదావరిఖని_గట్టు:
దరఖాస్తుకు జతచేయాల్సినవి: బడి యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే 11 అంకెల గుర్తింపు సంఖ్య), బడి కమిటీ తీర్మానం, డీఈఓ (జిల్లా విద్యాధికారి) నుంచి నిరభ్యంతర పత్రం, స్థలం బడిదేనని రెవెన్యూ ధ్రువీకరణ, పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వేసిన ఎస్టిమేట్, తేదీ కనిపించే ఫోటోలు. ఇదే పని వేరే పథకంలో మంజూరు కాలేదని హెచ్‌ఎం సంతకంతో ఒక కాగితం తప్పనిసరి. అది లేకే ఫైళ్లు వెనక్కొస్తాయి, ముఖ్యంగా నాడు-నేడు, మన ఊరు మన బడి జాబితాల్లో పేరున్న బడులవి.

ఎస్టిమేట్‌లో జీఎస్‌టీ కలిపారో లేదో చూడండి. కలపకపోతే మంజూరైన డబ్బు చాలక పని సగంలో ఆగుతుంది.

సమయం గురించి: ఏప్రిల్‌లో మొదలయ్యే బడ్జెట్‌కు సెప్టెంబరు, డిసెంబరు మధ్యలోనే ప్రతిపాదన చేరాలి. ఫిబ్రవరిలో ఇస్తే బెంచీలు, సైకిళ్ల లాంటి తొందరగా కొనే వస్తువులే వస్తాయి. ప్రభుత్వరంగ కంపెనీ అయితే ఆకాంక్షిత జిల్లాలకు (వెనకబడినవని కేంద్రం గుర్తించిన జిల్లాలకు) మొగ్గు ఉంటుంది. తెలంగాణలో ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఆ జాబితాలోవే. మీది అందులో ఉంటే మొదటి వాక్యంలోనే రాయండి.

నీటిలెక్క:
టాయిలెట్ల సంగతి నేను చెబుతాను. గది కట్టించడం తేలిక, అందులోకి నీళ్లు తేవడమే అసలు పని.

2014 పంద్రాగస్టున ప్రతి బడిలో టాయిలెట్లు ఉండాలన్న స్వచ్ఛ విద్యాలయ పిలుపు వచ్చాక విద్యుత్, బొగ్గు, చమురు కంపెనీలు దేశమంతా బడుల్లో టాయిలెట్లు కట్టాయి. 2020లో వాటిపై కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) నివేదిక బయటికొచ్చింది. చూసినవాటిలో 72 శాతం టాయిలెట్ల లోపల నీటి సౌకర్యమే లేదు. తలుపు ఉంది, బేసిన్ ఉంది, కుళాయి తిప్పితే చుక్క రాదు. వారం తిరక్కముందే ఆ గదికి తాళం పడుతుంది, పిల్లలు మళ్లీ గోడ వెనక్కే పోతారు. పెద్ద తరగతుల ఆడపిల్లలు ఇంటికెళ్లేదాకా నీళ్లు తాగడం మానేస్తారు. ఇది రాస్తుంటేనే బాధేస్తుంది.

మీ లెక్క: 40 మందికి ఒక యూనిట్ అంటే ఆడపిల్లలకు 3, మగపిల్లలకు 3. పగటి బడికి ప్రమాణం తలకు రోజుకు 45 లీటర్లు, అంటే 9,450 లీటర్లు. అక్కడ 500 లీటర్ల సింటెక్స్ ఒక్కటి పెడితే మొదటి ఇంటర్వెల్‌కే అయిపోతుంది. బోరు, మోటారు, సంపు, పైన ట్యాంకు, పైపులైను అన్నీ టాయిలెట్ ఎస్టిమేట్‌లోనే రాయించండి. విడిగా తర్వాత అడిగితే రాదు.

బడిగంట:
ఆర్‌ఓ ప్లాంటు ఎంత సామర్థ్యం ఉండాలండీ?

నీటిలెక్క:
తలకు 2 లీటర్లు వేసుకుంటే 420 లీటర్లు. గంటకు 250 లీటర్లదైతే రెండు గంటల్లోపు అయిపోతుంది. వెయ్యి లీటర్లది ఇస్తామన్నా వద్దనండి, కరెంటు ఖర్చు ఊరికే పెరుగుతుంది. ముందు నీటి పరీక్ష చేయించండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ పరిమితిలో ఉంటే ఆర్‌ఓ అక్కర్లేదు, యూవీ (అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపే యంత్రం) చాలు. ఆర్‌ఓ పెడితే కనీసం తాగే నీళ్లంత నీళ్లు వృథాగా బయటికొస్తాయి, ఆ పైపును టాయిలెట్ ట్యాంకులోకి కలపండి. ముందు ఫిల్టరు మూడు నెలలకోసారి మార్చకపోతే లోపల నీళ్లు వడగట్టే ఖరీదైన మెంబ్రేన్ (సన్నటి పొర) పూడుకుపోతుంది. వేసవి సెలవుల తర్వాత మొదటి రోజు వచ్చే నీళ్లు పిల్లలకు ఇవ్వకండి, ట్యాంకు కడిగించి వదిలేయండి.

మేడమీద_ఎండ:
సోలార్ 3 కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల నీడపడని స్లాబు కావాలి. రేకుల కప్పు మీద వద్దు. రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపి ఉండే) ఇన్వర్టర్ పెడితే కరెంటు పోగానే సోలార్ కూడా ఆగుతుంది. సోలార్ కరెంటు తీగల్లోకి పోతే అక్కడ పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు, అందుకే అలా చేశారు, లోపం కాదు. కోతల్లోనూ ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ అని స్పష్టంగా రాయండి. నెట్ మీటరు బడి సర్వీసు నంబరు మీదే ఉండాలి, సెలవుల్లో గ్రిడ్‌కు పోయిన యూనిట్లు బిల్లులో తగ్గుతాయి. బూడిద చెరువు దగ్గరైతే పదిహేను రోజులకోసారి ప్యానెళ్లు తుడవాలి, తెల్లవారుజామునే. ఎండకు కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు.

బొగ్గుబాట:
గోడలూ యంత్రాలే కాదు, పిల్లల మీద పెట్టే ఖర్చూ అడగొచ్చు. ఎన్టీపీసీ 2018లో మొదలుపెట్టిన బాలికల సాధికారత శిబిరాలు అలాంటివే. ప్లాంట్ల చుట్టుపక్కల ఊళ్ల 10-12 ఏళ్ల ఆడపిల్లలకు వేసవిలో నాలుగు వారాలు అక్కడే ఉంచి నేర్పిస్తారు. మీ దగ్గరి ప్లాంటులో ఉంటే ఎంపిక ఎప్పుడో హెచ్‌ఆర్ విభాగంలో కనుక్కోండి.

గోదావరిఖని_గట్టు:
చివరి దశలో జాగ్రత్త. ఒప్పందంలోనే మూడేళ్ల నిర్వహణ కలపమనండి. సీఎస్‌ఆర్ నిబంధనల్లో పని మొదలైన ఏడు కాక మూడేళ్ల దాకా సాగే ప్రాజెక్టుకు చోటుంది, కాబట్టి అది చట్టంలో ఉన్నదే. ఊడ్చే మనిషి జీతం ఎవరిదో కూడా అందులోనే తేలాలి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు పారిశుధ్యం గ్రాంటు వస్తోంది, దాన్ని లెక్కలో చూపండి.

అప్పగింత రోజు ఫోటోలకు ముందే ప్రతి కుళాయి తిప్పి, ప్రతి ఫ్లష్ లాగి, మోటారు అరగంట నడిపి చూశాకే సంతకం పెట్టండి. వారంటీ కార్డులు, మోటారు బిల్లు, ఇన్వర్టర్ సీరియల్ నంబరు బడి ఆస్తుల రిజిస్టరులో ఎక్కించండి. హెచ్‌ఎం బదిలీ అయ్యాక మెకానిక్‌ను పిలవాలంటే ఆ పేజీయే దిక్కు.

బడిగంట:
అందరికీ ధన్యవాదాలండీ. నీటి పరీక్షకు నమూనా రేపే పంపిస్తున్నాం. ఏఈ గారితో టాయిలెట్లు, బోరు కలిపి ఒకే ఎస్టిమేట్ వేయిస్తాం.